మంచి చెయ్యి

"రొట్టె పక్కకు పెట్టి చెయ్యి కడుక్కో. మూటలొచ్చినై" అన్నది మా అత్త సుగుణమ్మ.

పెనం కాగి ఉన్నది. పీట మీద రొట్టె సగం కొట్టి ఉన్నది. జొన్నరొట్టె నడుమ ఇడిస్తే అంచులు పగుల్తయి, మళ్ల పిండి పిసుకాలె. ఈ సంగతి మా అత్తకు తెల్వదా అంటే నాకంటె మంచిగ తెల్సు. గని దుకాణానికి చీరల మూట వచ్చిందంటే మా ఇంట్ల రొట్టె లేదు, గిట్టె లేదు. నేను చేతులు కడుక్కొని, అరచేతులకు పసుపు రాసుకొని, ముందటి అర్రలకు పోయి మూట మీద చెయ్యి పెట్టాలె. నేను పెట్టినంకనే హమాలి తాడు కోస్తడు. నా లగ్గమైన సంది ఇదే రివాజు. ఎందుకంటే నా చెయ్యి మంచిదట.

నా మొకం మంచిదో కాదో, నా మాట మంచిదో కాదో ఆ ఇంట్ల ఎవ్వరు చూడలే. చెయ్యి ఒక్కటి మంచిదని మాత్రం బజారంత చెప్పుకున్నరు.

మీరు ఎప్పుడన్న బొంబాయి రోడ్డు మీద బస్సుల పోయి ఉంటే మనోరమ స్టోర్స్ బోర్డు చూసే ఉంటరు. జహీరాబాద్‌ల ఒకటి, బీదర్‌ల ఒకటి, సదాశివపేటల ఒకటి, సంగారెడ్డిల ఒకటి. ఎర్ర బోర్డు మీద పసుపుపచ్చ అచ్చరాలు. ఆ మనోరమను నేనే. నా పేరు సంచుల మీద ఉన్నది, క్యాలెండర్ల మీద ఉన్నది, టాకీసుల ఇంటర్వెల్ అయితే తెర మీద గూడ పడ్తది. మా ఇంట్ల బాసన్లు తోమే నర్సమ్మ గిర్నీ నుంచి పిండి తెచ్చుకునేది నా పేరున్న సంచిలనే. గన్ని దుకాణాలల్ల ఒక్కదాంట్ల గూడ నేను కాలు పెట్టలే. "రామ్‌కిషన్ సేటు కోడలు మొగోళ్ల నడుమ పోయి నిలవడ్తదా? ఇజ్జత్ ఏం గావాలె?" అనెటోడు మా ఆయన. మాకు చీర గావాల్నంటే మూట ఇంటికొస్తది. మొదలు అత్త తీసుకుంటది, తర్వాత మా ఆడిబిడ్డలు, మిగిలింది నేను. బట్టల దుకాణం ఇంటికి పోతున్నది నా బిడ్డ, బీరువ నిండ చీరలేనని మా అమ్మ సంబురపడ్డది. బీరువ నిండనే ఉన్నది. అన్నీ అమ్ముడుపోని చీరలు.

మొదలు అది ఇంత దుకాణం గాదు. పాత బజార్ల ఒక రేకుల కొట్టం, ముందట చెక్కబల్ల, లోపల తెల్ల దుప్పటి పరిచిన గద్దె. గద్దె మీద మా మామ రామ్‌కిషన్ కూసునెటోడు. కొనెతందుకు వచ్చిన మొగోళ్లు బల్ల మీద కూసునెటోళ్లు. ఆడోళ్లు కింద, ఎండల, పిల్లను చంకల ఎత్తుకొని నిలవడెటోళ్లు. మామ చీర విప్పి మొగోనికి చూపెడ్తడు. మొగోడు తల ఊపుతడు, పైసలిస్తడు, చీర తీస్కొచ్చి పెండ్లాం చేతుల పెడ్తడు. కట్టుకునేదాన్ని ఎవ్వరడిగిన్రు? అడిగితె ఆమె ఏం జెప్పునో, ఆమెకు గూడ అలవాటు లేకుండె.

నేను కోడలిగ వచ్చింది డెబ్భై నాలుగుల. అప్పటికి దుకాణం మూతపడేటట్టున్నది. షోలాపూర్ నుంచి అప్పుకు తెచ్చిన ఒక మూట ముందటి అర్రల పడి ఉన్నది. మా మామ నన్ను పిలిచి, "కొత్త కోడలివి, నువ్వు చెయ్యి పెట్టు తల్లీ. ఇంట్ల ఉన్న చెయ్యి పని చేస్తలేదు" అన్నడు. ఇంట్ల ఉన్న చెయ్యి అంటే మా అత్తది. ఆమె దర్వాజ కాడ నిలవడి కొంగు సదురుకుంటున్నది. ఆ మాట నాకప్పుడు సమజ్ గాలే.

నేను చెయ్యి పెట్టుడే గాదు, మూట విప్పి చీరలు రెండు దిక్కుల పెట్టిన. మా నాయన నారాయణఖేడ్ దిక్కు సంతలల్ల ఎడ్లబండి మీద బట్టలమ్మెటోడు. చిన్నప్పుడు నన్ను బండి మీద కూసోపెట్టుకొని తీస్కపోయేటోడు. "ఆడోళ్లు చీర పట్టుకున్నప్పుడు ఏమన్నరో ఇడిసిపెట్టు బిడ్డా. కింద పెట్టేటప్పుడు ఏమంటరో అది ఇను" అనెటోడు. నేను అదే ఇనుకుంట పెరిగిన. మంచిగనే ఉన్నది గని మన ఎర్రమట్టి పడితె ఎల్తదా? మంచిగనే ఉన్నది గని అంచు సన్నం, కలుపుకు పోయి కుచ్చిళ్లు ఎగదోస్తే ఇంక అంచేడిది? మంచిగనే ఉన్నది గని రెండు ఉతుకులకు ఎలిసిపోతదేమో. యాపారమంత ఆ మాటలల్లనే ఉంటది. అందుకే మామతోటి, "ఇవి న్యాల్‌కల్ దిక్కోళ్లకు పోతయి, ఇవి ఝరాసంగం దిక్కు పోతయి, ఇవి వాపస్ పంపియ్యుండ్రి" అని ఎందుకో గూడ చెప్పిన. మామ ఇన్నట్టు గూడ చెయ్యలే. గని నేను పక్కకు పెట్టినయి వాపస్ పోయినై. తక్కినయి దసరా రాకముందే అయిపోయినై.

ఆ పండుగకు మామ బంధువులందరి ముందట అన్నడు: "కోడలి చెయ్యి మంచిది."

నేను తలుపు ఎనక నిలవడి, కోడలికి తెలివున్నది అంటడేమోనని చూసిన. చానా సేపు చూసిన. అనలే. ఆయన పోయేదాక అనలే.

అట్ల నా చెయ్యి మొదలైంది. తర్వాత నాకే తెల్సిపోయింది, నోటితోటి చెప్తే ఎవ్వరు ఇనరు, చెయ్యితోటి చెప్తే ఇంటరు. మా ఆయన జగన్‌మోహన్ నమూనా చీరలు తెచ్చి మంచం మీద పరుస్తుండె. నేను దేని మీద జర ఎక్కువసేపు చెయ్యి ఉంచితే ఆ రకం మళ్ల మూటలకు మూటలు వస్తుండె. ఆయన కండ్లు నా చెయ్యి మీదనే ఉంటుండె. నా మొకం దిక్కు చూస్తుండెనా అంటే, చూస్తే నాకు గుర్తుండేది.

ఒకనాడు అన్నం పెట్టుకుంట ఉత్తగనే అన్న, "దుకాణంల నిలువెత్తు అద్దం పెట్టుండ్రి. ఆడోళ్లు కూసుంటానికి బెంచీ ఎయ్యుండ్రి. పిల్లకు పాలిస్తందుకు తలుపున్న చిన్న అర్ర ఉంటే, చీర సూపెట్టెతందుకు ఒక ఆడామె ఉంటే, ఇంక మొగోళ్లను అడుగుడే లేదు, ఆడోళ్లే వస్తరు" అని. మా ఇంట్ల అద్దం అంటే మొగోళ్లు గడ్డం గీసుకునే అద్దమే. దాంట్ల నా మొకం కనవడితే మెడ కనవడది. పైట ఎట్ల పడ్డదో చూసుకోవాల్నంటే నర్సమ్మనడగాలె. ఆయన పకపక నవ్విండు. "దుకాణం పెట్టాల్నా, పెండ్లోళ్లకు విడిదిల్లు పెట్టాల్నా? తిననియ్యవు గద" అన్నడు.

ఏడాది తిరగకముందే బీదర్‌ల రెండో దుకాణం పెట్టిండు. నా సోపతి అమీరున్నీసా ఆడికి పోయొచ్చింది. మా పక్కింట్లనే ఉంటది, జాకెట్లు కుడ్తది, నాకంటె పెద్దది, అందుకే ఆపా, అంటే అక్కా, అని పిలుస్త. గోడ మీదికెల్లి పిలిచి ఒక్కతీరుగ చెప్పుడు. "యాఅల్లా, గింత అద్దం మనోరమా, కాళ్లకెల్లి తలదాక! నేను నలుగురు పిల్లల తల్లిని, నా నడుము ఎట్లుంటదో నాకు గిప్పుడు తెల్సింది. బెంచీ ఉన్నది. పిల్లలకు అర్ర ఉన్నది. ఒక క్రిస్టియన్ పిల్ల నిలవడి చీరలు చూపెడ్తున్నది. ఆడోళ్లు కొన్నా కొనకున్నా గంటలు గంటలు కూసుంటున్నరు. మొగోళ్లు బయట బీడీలు తాగుకుంట నిలవడ్డరు. నీ పేరు దుకాణంల నేను కూసొని వచ్చిన, నువ్వు మాత్రం గీడ రొట్టెలు కొట్టు."

ఆపా మాటలన్నీ నా మాటలే. ఏడాది కింద అన్నం కాడ పారేసిన మాటలు. తర్వాత హైదరాబాద్ పేపరాయన వచ్చి, ఈ అద్దం ఆలోచన ఎవ్వరిదని అడిగితె, "నాదే. ఆడోళ్ల మనసు తెల్వకుంటే యాపారం నడవదండి" అన్నడట మా ఆయన. ఆ పేపర్‌ను నేను కందిపప్పు డబ్బ అడుగుకు ఏసిన. ఏసే ముందు చదివిన. మళ్ల తీసి చదివి, మళ్ల ఏసిన.

కొట్లాడలేదా అంటే కొట్లాడిన. గప్పుడు అన్నడు, "నీ పేరే పెట్టిన గదా, ఇంకేం గావాలె?" పేరిచ్చినోనితోటి ఏం కొట్లాడ్తరు?

ఇంకొక ముచ్చట ఉన్నది, చెప్తే నవ్వుతరు, నవ్వినా సరే. నేను బయట కూసున్న దినాలల్ల మూట ముట్టొద్దు గద. ముట్టకుంటే తాడు కోయొద్దు. అంటే నెలకు మూడు దినాలు సరుకు అరుగు మీద అట్లనే పడి ఉంటది. లారీ డ్రైవర్ హారన్ కొడ్తడు, హమాలీలు బీడీలు తాగుకుంట కూసుంటరు, బజారెంట పోయేటోడు ఆగి "ఏమాయె, విప్పలే?" అంటడు. "అమ్మ బయటున్నదట" అంటడు హమాలి. జహీరాబాద్ బజారంతకు నా నెల తెల్సు. చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు ఎప్పుడు పోతయో తెల్సినట్టే నా దినాలు గూడ తెల్సు. నేను కడుపుతోటి ఉన్న సంగతి మా అమ్మకంటె ముందు లారీ డ్రైవర్‌కు తెల్సింది, మూడు నెలలు మూటలు ఆగలేదని. సిగ్గుతోటి సచ్చిపోవాల్నో, నవ్వాల్నో తెల్వక, లోపలర్రల గోడకు ఆనుకొని కూసునెదాన్ని. మొకం చూపెట్టొద్దు, ఇజ్జత్ పోతది. గిది మాత్రం అందరికి తెల్వొచ్చు.

ఇంక మహల్ సంగతి.

ఎనభై మూడుల మా ఆయన బొంబాయి పోయిండు. ఆడ ఒక పెద్ద దుకాణం చూసొచ్చి నెల రోజులు అదే ముచ్చట. ఎన్నో అంతస్తులట. మొదలు ఒక ముసలాయన గుండీలు, దారపుండలు అమ్ముకుంట మొదలువెట్టిండట, ఇప్పుడు పెద్ద పెద్ద ఊర్లల్ల దుకాణాలట. సబ్బు కాడికెల్లి శాలువ దాక, ఆటబొమ్మల కాడికెల్లి అత్తరు దాక అన్నీ ఒక్క కప్పు కిందనే. తలుపు తీస్తందుకే ఒక మనిషట. లోపల కాలు పెడ్తే చల్లగుంటదట, మంచి వాసనట.

"కొనకుంటే ఎల్లగొడ్తరా?" అన్న.

"ఎల్లగొట్టుడా? రాంగనే నవ్వుకుంట ఎదురొస్తరు. మీకేం గావాలె అని అడుగుతరు" అన్నడు.

"ఆడోళ్లను గూడనా?"

"ఆడోళ్లనే."

ఆయన చేతులకు నీళ్లు పోసుకుంట నేను అదే ఆలోచన చేసిన. మీకేం గావాలె. ఈ మాట నన్ను ఎవ్వరన్న అడిగిన్రా అని. కూర ఏం చెయ్యాల్నని నేను అందర్ని అడుగుత. ఎవ్వరికేం గావాల్నో నాకు తెల్సు, చాయ్‌ల ఎవ్వరికెంత చక్కెరనో తెల్సు. నన్ను? మా అమ్మ అడిగిందేమో, జరం వచ్చినప్పుడు. అంత పెద్ద పట్నంల, అంత పెద్ద దుకాణానికి జనం ఎందుకు ఎగవడ్తరో నాకు ఆ దినం తెల్సింది. దీపాలకు గాదు, అత్తరుకు గాదు. ముక్కు మొకం తెల్వనోళ్లు గూడ ఆ ఒక్క మాట అడుగుతరని పోతరు.

మా ఆయన గూడ అసొంటిదే కట్టిండు. మెయిన్ రోడ్డు మీద మూడంతస్తులు, ముందట మొత్తం అద్దాలు. పేరు మనోరమ మహల్. రెండో అంతస్తు మొత్తం ఆడోళ్లకు. ఊరి బయట కొత్త ఫ్యాక్టరీ పడ్డది, ఆఫీసర్ల పెండ్లాలు వస్తరని ఆశ. అల్లం పంటల మీద పైసలు చూసిన రైతులు గూడ వస్తరని ఆశ. ఇల్లు కుదువవెట్టి కట్టిండు. ఆ సంగతి నాకు చెప్పలే, ఆపా చెప్పింది.

నేను ఆయనను ఒక్కటే అడిగిన. "రెండో అంతస్తుల నేను కూసుంట" అని.

"ఏడ కూసుంటవ్?"

"పైసల గల్లా కాడ. సరుకు నేను చూస్కుంట. వచ్చినోళ్లతోటి నేను మాట్లాడ్త. పిల్ల బడికి పోయినంక నాకు పనేమున్నది?"

"పనేమున్నదా? ఇల్లు ఎవ్వరు చూడాలె, అమ్మను ఎవ్వరు చూడాలె?" అని, మళ్ల తనే నవ్వి, "హైదరాబాద్ నుంచి సదువుకున్న పిల్లను తెస్తున్న. ఇంగ్లీషు గూడ మాట్లాడ్తది. నువ్వెందుకు పరేషాన్?" అన్నడు.

తర్వాత బొంబాయి సరుకు నమూనాలు మంచం మీద పరిచిండు. ఒక్కొక్కటి పట్టుకొని చూసిన. పాలపిట్ట రంగు లేదు, కుంకుమ రంగు లేదు, ఇరకల్ చీరల ఎడల్పు అంచు అసలే లేదు. అన్నీ ఎలిసినట్టున్న సన్న రంగులు, జారిపోయే నైలాన్లు. మా ఎర్రమట్టిల ఒక్క పూట కడితే అంచుకు ఎర్రజాజు పూసినట్టయితది. "ఇవి ఆఫీసర్ల ఇండ్లకు ఒక మూట చాలు. తక్కినయి ఆపుండ్రి. మన దిక్కోళ్లు ఇవి పట్టుకుంటరు, మంచిగున్నదంటరు, కింద పెడ్తరు" అన్న.

ఆయన నమూనాలు మలుసుకుంట నా దిక్కు చూడకుంటనే అన్నడు: "నువ్వు చెయ్యి పెట్టు చాలు. నోరొద్దు."

కోపం గూడ చేసి అనలే. చాయ్‌ల చక్కెర ఎక్కువైంది అన్నట్టు అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లు రాలే. మా అత్త గుర్తొచ్చింది. నేను రాకముందు ఆమె చెయ్యే మంచి చెయ్యి. ఒక ఏడాది మామ తెచ్చిన సరుకు మొత్తం మునిగింది. ఆమె వొద్దన్నదట, అయినా తెచ్చిండట. మునిగినంక "సుగుణ చెయ్యి ఖరాబైంది" అన్నడట. అప్పటిసంది ఆమె మూట ముట్టుడు లేదు. బజార్ల ఎదురువడితె గూడ యాపారులు పక్కకు తిరిగెటోళ్లట. సరుకు అమ్ముడుపోతే మొగోని తెలివి, మునిగితె ఆడిదాని చెయ్యి. ఈ మూటల మీద నేను చెయ్యి పెడితె మునిగేది నేనే. ఇల్లు గూడ నా చెయ్యే ముంచిందంటరు.

అదిగో, ఆ మూటలే ఇప్పుడొచ్చినై. శుక్రారం మహల్ తెరుస్తరు. కార్డులు పంచిన్రు, రోడ్డు మీద రంగు జెండాలు కట్టిన్రు. నేను పొయ్యి కాడ జొన్నపిండి చేతులతోటి కూసున్న. చెయ్యి కడుక్కో అంటున్నది అత్త.

"నేను బయటైన అత్తమ్మా" అన్న.

ఆమె నోరు తెరిచింది. "ఇప్పుడా? పొయ్యి కాడనా?"

"అయితదని చెప్పి అయితదా?"

ఇంక సూడుండ్రి. పిండి పారబొయ్యాలె, పొయ్యి అలకాలె, కుండలు కడగాలె. చేసిన రొట్టెలన్నీ నర్సమ్మ కొంగుల కట్టుకున్నది, "మాకేం గాదమ్మా, మా దేవుడు రొట్టెను చూడడు" అనుకుంట. ముందటి అర్రల మా ఆయన తల పట్టుకున్నడు. అరుగు మీద హమాలీలు బీడీలు ముట్టించిన్రు. నేను ఎనకర్రలకు పోయి చాప పరుసుకొని కూసున్న. అబద్ధమాడిన. ఏం జెయ్యాలె? నోరొద్దన్నరు, చెయ్యి వాపస్ తీసుకున్న. నేను పని ఆపితె ఆ ఇంట్ల ఒప్పుకునే కారణం ఇదొక్కటే, ఇంకేం చెప్పినా ఇనరు.

ఆ మూడు దినాలు ఎంత నిమ్మళమో ఏం చెప్పాలె! కంచం ముందటికొస్తది. పగటీలి నిద్రపోయిన. బిడ్డ గడప అవుతల కూసొని బడి ముచ్చట్లు చెప్తది, ఇంటున్న. అయినా లోపల భయమే. శుక్రారం దాటితె ఏమైతదో, అప్పులోళ్లు ఏమంటరో, ఈ మనిషి ఇల్లు పోగొట్టుకుంటడేమోనని. ఆయన మీద కోపమే గాని ఆయన మునగాల్నని లేదు నాకు.

తలకు పోసుకునే దినం వచ్చింది. నేను లేవలే. "ఇంక కాలే అత్తమ్మా" అన్న. మా ఆయన వాకిట్ల అటు ఇటు తిరుగుతున్నడు. "దవాఖానకు తీస్కపోదామా? డాక్టరమ్మను పిలుద్దామా?" అంటున్నడు. పదేండ్లల్ల నా కోసం డాక్టర్ పేరు తనే తీసింది ఆ దినమే.

మా అత్త ఎనక వాకిట్లకు వచ్చింది. గోడ అంచుకు దండెం ఉన్నది, దాని మీద నా బట్టలు ఆరాలె గద, ముట్టు బట్టలు. ఏం లెవ్వు. తాడు ఉత్తగ ఊగుతున్నది. ఆమె దండెం చూసింది. నన్ను చూసింది. మళ్ల దండెం చూసింది. ముప్ఫై ఏండ్లు అవే బట్టలు అదే తాడు మీద ఆరేసిన మనిషికి ఏం చెప్పాలె?

ఆమె గడప కాడ కూసున్నది. తర్వాత తన అరచేతులు తనే చూసుకుంట, "నేను గూడ వొద్దన్న. ఆ రంగులు అమ్ముడుపోవు అన్న. ఇన్నడా?" అన్నది. "గీ చేతులతోటి తులసమ్మకు నీళ్లు పోస్తే గూడ ఎండిపోతదన్నరు. ఎండలే. ఇప్పటికి ఎండలే."

"అత్తమ్మా" అన్న.

ఆమె లేసింది. ముందటి అర్ర దిక్కు తిరిగి గట్టిగ, అందరు ఇనేటట్టు, "ఇంక కాలే! ఆడిదాని దినాలు మీ లారీ డ్రైవర్ టైం చూసి ఆగుతయా?" అన్నది. లోపలికి పోంగ దండెం మీద తన పాత చీర ముక్క ఒకటి తడిపి ఆరేసి పోయింది.

గప్పుడు ఏడ్చిన నేను. మంచిగ ఏడ్చిన.

పగటీలి మా ఆయనే గడప కాడికి వచ్చిండు. లోపలికి రావొద్దు గద, అవుతలనే నిలవడ్డడు. గడ్డం మాసింది, కండ్లు లోపలికి పోయినై. చూస్తే జాలే అయింది.

"మనోరమా, రేపు తెరుస్తున్నం. మూటలు విప్పలే. ఎన్నటికి అయితవ్?"

"నేను బయట లేను" అన్న. "మొదటి దినం గూడ లేను."

ఆయనకు సమజ్ కాలే. అయినంక మొకం నల్లగైంది. "ఏం తమాషా ఇది? ఇల్లు కుదువవెట్టిన, తెల్సా నీకు?"

"తెల్సు. మీరు చెప్పలే, అయినా తెల్సు. ఆ సరుకు మీద నేను చెయ్యి పెట్ట. చెయ్యి గావాల్నంటే నోరు గూడ వస్తది. రెండూ ఒక్క మనిషివే. మూటలల్ల ఒక్కటి ఉంచుకోని తక్కినయి ఇప్పుడే వాపస్ పంపియ్యుండ్రి, ఇంక తాడు కొయ్యలే గద, తీసుకుంటరు. బీదర్ నుంచి ఇరకల్ చీరలు మాపటీలికి తెప్పియ్యొచ్చు. ఏది ఎందుకో చెప్త. ఈసారి ఎవ్వరన్న అడిగితె నేను చెప్పిన్నని చెప్పాలె. రెండో అంతస్తు నాది."

"జనం ఏమంటరే? సేటు కోడలు దుకాణంల కూసుంటే?"

"బజారంతకు నా నెల తెల్సు. ఇంక నా మొకం తెలిస్తే ఏంబోతది?"

ఆయన చెప్పులేసుకొని బయటికి పోయిండు. అవును అన్లేదు, కాదు అన్లేదు. ఆయన అవును అనేదాక కూసుంటే నా తల తెల్లగైతదని అప్పుడే తెల్సిపోయింది నాకు.

లేసి తానం చేసిన. బీరువ తీసి చూస్తే అన్నీ మిగిలిపోయిన చీరలే. అడుగున మా నాయన పెండ్లిల పెట్టిన కుంకుమరంగు ఇరకల్ చీర ఉన్నది, నేను పట్టుకొని మళ్ల కింద పెట్టని చీర అదొక్కటే. అది కట్టుకున్న. ఎనక తలుపు దిక్కు పోతుంటే అత్త వంటింట్లకెల్లి, "ముందటి తలుపుకెల్లి పో" అన్నది.

ముందటి అర్రల మూటలు వరసగ ఉన్నై. వాటి పక్కకెల్లి నడిచిన. అలవాటు కొద్ది చెయ్యి లేస్తదేమోనని కొంగు గట్టిగ పట్టుకున్న. అరుగు మీద హమాలీలు బీడీలు పారేసి లేసి నిలవడ్డరు. గోడ మీదికెల్లి ఆపా, "కిధర్ చలీ మనోరమా?" అని కేకేసింది. "దుకాణానికి" అన్న. ఆపా మిషిన్ ఆపి బుర్కా వెతుక్కుంటున్నది, "ఆగు, నేను గూడ వస్త" అనుకుంట. ఆగలే నేను. ఆగితె ధైర్యం పోతదనిపించింది.

మెయిన్ రోడ్డు మీద లారీలు పోతున్నై. మహల్ అద్దాలల్ల రోడ్డంత కనవడ్తున్నది, అండ్ల నేను గూడ కనవడ్డ, కాళ్లకెల్లి తలదాక, కుంకుమరంగుల. కొంచెం లావైన. ఫికర్ లేదు. మీద నా పేరు నాకంటె పెద్దగున్నది. తలుపు కాడ మనిషి నన్ను గుర్తుపట్టలే, ఎట్ల పడ్తడు, అయినా వంగి తలుపు తీసిండు.

లోపల చల్లగున్నది. మెట్లెక్కి రెండో అంతస్తుకు పోయిన. చీరల అరలు సగం ఉత్తగున్నై. ఆ మూలకు మా ఆయన మేస్త్రీతోటి మాట్లాడ్తున్నడు, నన్ను చూసి మాట మధ్యల ఆగిపోయిండు. ఇటు రాలే, వొద్దనలే. మొదటిసారి నా మొకం దిక్కు చూసిండు.

రేపటికి తయారైతున్న హైదరాబాద్ పిల్ల నవ్వుకుంట ఎదురొచ్చింది. నేనెవ్వరో ఆమెకు తెల్వదు.

"రండి మేడం. మీకేం కావాలి?" అన్నది.

"కుర్చీ ఎయ్యి బిడ్డా" అన్న. "గల్లా కాడ."